సీటు వచ్చేవరకు బడి మాన్పించవద్దు

"పట్నంల బడిలో సీటు వస్తదన్నరు. వచ్చేదాక ఇంట్లనే ఉంచుతున్న." బుద్ధిమాంద్యతగల బిడ్డల తల్లులు ఇలా చెప్పడం మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలలో వింటూనే ఉంటాము. ఆ తల్లి ప్రేమలో లోపం లేదు. కాని నెలల తరబడి ఊరకే కూర్చున్న బిడ్డ, కష్టపడి నేర్చుకొన్న గుండీలు పెట్టుకోవడం కూడ మరచిపోవచ్చును. మరి ఈలోగా ఏమి చేయాలి?

మొదటిది ఊరి బడి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించిన వైకల్యంగల పిల్లలకు 6 నుండి 18 ఏండ్లవరకు ఉచిత విద్య హక్కు. ఊరి బడియా, ప్రత్యేక పాఠశాలయా అన్నది మీరే కోరుకోవచ్చును. ఇప్పుడు ఊరి బడిలో చేర్చినంతమాత్రాన రేపు ప్రత్యేక పాఠశాలను కోరే హక్కు పోదు.

రెండవది భవిత కేంద్రం. సమగ్ర శిక్ష క్రింద నడిచే ఈ కేంద్రాలలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు నేర్పుతారు. మీ మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. సదరం సర్టిఫికెట్టు నకలు వెంట తీసుకొని వెళ్ళండి.

మూడవది ఇంటివద్ద చదువు. తీవ్ర వైకల్యం, లేక ఒకటికి మించిన వైకల్యాలుగల బిడ్డలకు 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి ఈ వీలు కల్పించారు. మంచం దిగలేని బిడ్డకు ఇది మేలు. నడవగల బిడ్డను ఇంట ఉంచడానికి ఇది సాకు కారాదు.

సంఘములోని చదువుకొన్న యౌవనస్థులారా, ఆ తల్లికి దరఖాస్తు వ్రాసిపెట్టండి. ఆదివారపు బడిలో ఆ బిడ్డకూ చాపమీద చోటివ్వండి. సీటు రావడానికి ఏడాది పట్టవచ్చును. ఆ ఏడాది కూడ బిడ్డ బాల్యములోనిదే.