పాత జీపు కొంటున్నారా? బేరమాడే ముందు గ్రిల్ సందులు లెక్కపెట్టండి!

సినిమాల పుణ్యమా అని సీమ అనగానే ఓపెన్ టాప్ జీపు గుర్తొస్తుంది. ముద్దనూరు నుంచి గండికోట దాకా అలాంటి పాత జీపులో వెళ్తే ఆ కిక్కే వేరు. కానీ "ఇది ఒరిజినల్ మిలిటరీ బండి అన్నా" అని ఎవరైనా చెప్పగానే అడ్వాన్స్ ఇచ్చేస్తే ఇబ్బందే. ఎందుకంటే జీపు బాడీని ఏ షెడ్డులోనైనా కొత్తగా కట్టేయొచ్చు. మరి ఏ మోడలో ఎలా తెలుస్తుంది?

గ్రిల్: రెండో ప్రపంచ యుద్ధంనాటి విల్లీస్ ఎంబీకి ముందు గ్రిల్‌లో 9 నిలువు సందులుంటాయి. హెడ్‌లైట్లు చిన్నవి, కాస్త లోపలికి ఉంటాయి. సివిల్ మోడల్ 'సీజే'కి 7 సందులే, లైట్లు పెద్దవి.

బానెట్: ఎత్తుగా ఉంటే అది సీజే-3బీ. ఇందులో హరికేన్ ఇంజిన్ ఎత్తు ఎక్కువ, అందుకే బానెట్ లేపారు. అమెరికాలో ఇది 1953లో మొదలై 1968లో ఆగింది. మన దగ్గర మహీంద్రా ఆ తర్వాతా చాలా ఏళ్లు తయారుచేసింది.

వెనక భాగం: మిలిటరీ ఎంబీకి వెనక తెరుచుకునే డోర్ ఉండదు, స్టెప్నీ అక్కడే బిగిస్తారు. సీజే-2ఏకి డోర్ ఉంటుంది, స్టెప్నీ పక్కకు వస్తుంది.

అయితే గ్రిల్, బానెట్ కూడా మార్చేయొచ్చు. అసలు సాక్ష్యం చాసిస్ నంబరే. పెన్సిల్‌తో ప్రింట్ తీసి ఆర్‌సీతో పోల్చండి. ఇంజిన్ నంబర్, బాడీ టైప్ కూడా చూడండి. పెట్రోల్ బండికి డీజిల్ ఇంజిన్ వేసి ఉంటే అది ఆర్‌సీలో ఎక్కిందా లేదా అడగండి.

తేడా ఉంటే ఏమవుతుంది? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అనుమతి లేని మార్పులు కుదరవు. ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఇంకో నష్టం కూడా ఉంది. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం రూ.20,000 ఫీజుతో 'వీఏ' అక్షరాలుండే వింటేజ్ నంబర్ తీసుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉంటే ఆ అవకాశం పోయినట్టే. పైగా వింటేజ్ నంబర్ బండిని ప్రదర్శనలు, ర్యాలీల లాంటి వాటికే తీయాలి, రోజూ తిప్పకూడదు.

అందుకే రంగు, టైర్లు చూసి మురిసిపోవద్దు. ముందు చాసిస్, తర్వాత ఆర్‌సీ, ఆఖర్న బేరం!