బటన్ నొక్కితే గేరు: పాత అమెరికా కార్లలో గేర్‌బాక్సు మార్పిడి

సరిహద్దు గ్రామాల్లో డెబ్బై దాటిన పెద్దలకు డాడ్జ్, ఫార్గో లారీల పేర్లు కొత్తవి కావు. అమెరికాకు చెందిన క్రైస్లర్ కంపెనీ సహకారంతో బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ వాటిని మన దేశంలో తయారుచేసింది. ఆ లారీలలో గేరు వేయడం డ్రైవరు భుజబలంతో ముడిపడిన పని. అయితే అదే క్రైస్లర్ కంపెనీ 1956 నమూనా కార్ల నాటికే తన సొంత దేశంలో గేరు మార్చడాన్ని వేలికొసతో చేసే పనిగా మార్చివేసిందన్న సంగతి ఇక్కడ చాలామందికి తెలియదు. స్టీరింగుకు ఎడమవైపు డాష్‌బోర్డుపై కొన్ని బటన్లు ఉండేవి. ముందుకు వెళ్లాలంటే ఒకటి, వెనక్కి రావాలంటే ఒకటి, న్యూట్రలుకు మరొకటి. గేరు రాడ్డు అనేదే కనిపించదు.

ఆ కార్లు నేటికీ అమెరికాలో అనేకం తిరుగుతున్నాయి. తాత కొన్న కారును మనవడు నడుపుకొనే కుటుంబాలు ఉన్నాయి. వాటి గేర్‌బాక్సు పాడయినప్పుడు వచ్చే చిక్కే ఈ వ్యాసానికి విషయం. పాత గేర్‌బాక్సు తీసి కొత్తది బిగిస్తే సరిపోతుందని పైకి అనిపిస్తుంది. ఆ బటన్ల వెనుక ఏముందో తెలియకుండా చేస్తే మాత్రం కారు వాలు మీద తనంతట తాను కదిలిపోయే ప్రమాదం ఉన్నది.

ఆటోమాటిక్ గేర్‌బాక్సు పనితీరును ముందు స్థూలంగా తెలుసుకోవాలి. రెండు విద్యుత్ పంకాలను ఎదురెదురుగా పెట్టి ఒకదానికి మాత్రమే కరెంటు ఇస్తే, ఆ గాలికి రెండవ పంకా కూడా మెల్లగా తిరగడం ఆరంభిస్తుంది. గాలికి బదులు నూనె ఉన్నదని ఊహించుకుంటే అదే టార్క్ కన్వర్టర్. ఇంజను ఒక చక్రాన్ని తిప్పుతుంది, నూనె రెండవ చక్రాన్ని తిప్పుతుంది. అందువల్ల కాలితో నొక్కే క్లచ్ అవసరం ఉండదు. దాని వెనుక పళ్లచక్రాల జతలు, వాటిని పట్టి వదిలే క్లచ్ ప్లేట్లు, బ్యాండ్లు ఉంటాయి. ఏది ఎప్పుడు పట్టాలో నిర్ణయించేది వాల్వ్ బాడీ. అది సన్నని నూనె కాలువలతో నిండిన లోహపు దిమ్మ. పొలానికి నీరు పెట్టేటప్పుడు ఏ మడవ తీయాలో, ఏది కట్టాలో రైతు చూసుకున్నట్టు, నూనె ఏ దారిన పోవాలో అది చూసుకుంటుంది. డ్రైవరు నొక్కే బటన్ చేసేది ఒక్కటే: ఆ దిమ్మలోని ప్రధాన వాల్వును కొద్ది దూరం జరపడం.

క్రైస్లర్ ఇంజనీర్లు ఈ జరిపే పనికి విద్యుత్తును వాడలేదు. బటన్ల నుండి గేర్‌బాక్సు వరకు ఒక ఉక్కు కేబుల్ వేశారు. సైకిల్ బ్రేకు వైరు వంటిదే, కాని అది లాగడమే గాక నెట్టడం కూడా చేయగలదు. ఏ బటన్ నొక్కితే ఆ మేరకు కేబుల్ జరుగుతుంది. ఇంతకంటే సరళమైన ఏర్పాటు ఊహించడం కష్టం. దాని బలమూ అదే.

తక్కిన కంపెనీలు వేరే దారి పట్టాయి. ప్యాకార్డ్ 1956లోను, ఫోర్డ్ వారి ఎడ్సెల్ 1958 నమూనాలోను బటన్లకు విద్యుత్ మోటారును జోడించాయి. ఎడ్సెల్ బటన్లయితే స్టీరింగు చక్రం నడిమధ్యన ఉండేవి. చక్రం తిరిగినా బటన్లు తిరగకుండా లోపల ప్రత్యేకమైన పళ్లచక్రాలు అమర్చారు. చూపులకు అద్భుతమే. కాని హారన్ కొట్టబోయి గేరు నొక్కినవారు ఉన్నారు. వాలు మీద పార్కులో పెట్టిన కారును మళ్లీ బయటికి తీయడానికి ఆ చిన్న మోటారుకు సత్తువ చాలేది కాదు. ముందు హ్యాండ్ బ్రేకు వేసి, ఆ తరువాతే పార్కు బటన్ నొక్కమని చెప్పవలసి వచ్చింది. 1959 నమూనాకు ఎడ్సెల్ ఆ ఏర్పాటును వదులుకున్నది. క్రైస్లర్ కేబుల్ బటన్లు మాత్రం 1964 నమూనా వరకు నిలిచాయి.

ఈ తొమ్మిదేళ్లలో గేర్‌బాక్సులు మూడు రకాలు వచ్చాయి. మొదటిది రెండు గేర్ల పవర్‌ఫ్లైట్. 1956 మధ్యలో ఇంపీరియల్ కార్లలో మొదలై, 1957 నమూనాలకు విస్తరించినది మూడు గేర్ల టార్క్‌ఫ్లైట్. దాని పెట్టె పోత ఇనుముతో చేసినది. 1960లో వాలియంట్ అనే చిన్న కారుకు అల్యూమినియం పెట్టెతో 904 రకం, 1962లో పెద్ద కార్లకు 727 రకం వచ్చాయి. పోత ఇనుప దానికంటే 727 బరువు దాదాపు 27 కిలోలు తక్కువ. 727 ఎంత గట్టిదంటే, అనంతర కాలంలో లారీలకు, పందెపు కార్లకు సైతం అదే వాడారు. కాబట్టి పాత కారు యజమాని చూపు సహజంగానే దాని మీద పడుతుంది. విడిభాగాలు సులభంగా దొరుకుతాయి, బాగుచేయగల మెకానిక్కులు ఉన్నారు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పోత ఇనుప టార్క్‌ఫ్లైట్‌లో ‘పార్కు’ అనే స్థానమే లేదు. కారు నిలిపినప్పుడు చక్రాలను బంధించే పళ్లకొక్కెం అందులో పెట్టలేదు. దానికి బదులు గేర్‌బాక్సు తోక భాగంలో ఒక డ్రమ్ము ఉండేది. హ్యాండ్ బ్రేకు పట్టుకొనేది వెనుక చక్రాలను కాదు, ఆ డ్రమ్మును. అంటే వెనుకకు పోయే షాఫ్టునే అది ఆపి ఉంచేది. ఇప్పుడు పాత గేర్‌బాక్సును విప్పి పక్కన పెట్టి, కొత్త 727ను బిగించారనుకుందాం. పాత పెట్టెతో పాటు ఆ డ్రమ్ము కూడా నేలమీదికి వచ్చేసింది. అంటే కారుకు ఉన్న ఒక్కగానొక్క హ్యాండ్ బ్రేకు పోయినది. ఇది మరిచిన యజమాని కారును ఇంటి ముందరి వాలు మీద నిలిపి లోపలికి వెళితే ఏమి కాగలదో చెప్పనవసరం లేదు. ఎడ్లబండిని ఏటవాలు మీద నిలిపితే చక్రం కింద రాయి పెట్టడం మన ఊళ్లలో పిల్లలకు సైతం తెలుసు. రెండు టన్నుల కారుకు ఆ రాయే లేకుండా చేయడం ఇది. వెనుక చక్రాల బ్రేకులకు కొత్తగా హ్యాండ్ బ్రేకు వైర్లు అమర్చిన తరువాతే ఈ మార్పిడి పూర్తయినట్టు లెక్క.

పెద్ద కార్ల 727లో పార్కు కొక్కెం ఉన్నది. దానిని నడిపేందుకు బటన్ల పక్కనే ఒక చిన్న జారుడు పిడి, దానికి వేరుగా రెండవ కేబుల్ ఇచ్చారు. కనుక 1962 నుంచి 1964 వరకు వచ్చిన కార్లలో రెండు కేబుళ్లు ఉంటాయి. 1965లో బటన్లు పోయి స్టీరింగు స్తంభం మీదికి గేరు రాడ్డు వచ్చినప్పటికీ, కింద గేర్‌బాక్సు వద్ద మాత్రం కేబుళ్లే కొనసాగాయి. 1966లో వాటిని తీసివేసి ఇనుప కడ్డీల ఏర్పాటు పెట్టారు. బటన్ల కారుకు గేర్‌బాక్సు వెతికేవారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంవత్సరం ఇదే. 1965 వరకు తయారైన పెట్టె కేబుళ్లను స్వీకరిస్తుంది. ఆ తరువాతిది అలాగే తెచ్చి బిగిస్తే కేబుల్ తగిలించే చోటే ఉండదు. అప్పుడు పాత వాల్వ్ బాడీ భాగాలను కొత్త దానికి మలచి అమర్చడమో, బయటి లీవరును కేబుల్ లాగేలా కొత్త బ్రాకెట్ చేయించడమో తప్పదు. గేరు కేబుల్ ఒక్కటి కలిపి పార్కు కేబులును గాలికి వదిలేసిన పని సగం పని మాత్రమే.

కేబుల్ ఒక్కటే కాదు. 1966 ప్రాంతంలో టార్క్ కన్వర్టరులోకి దూరే షాఫ్టు పళ్ల సంఖ్య 19 నుంచి 24కు మారింది. కాబట్టి పాత కన్వర్టర్ కొత్త పెట్టెకు ఎక్కదు. వెనుకవైపు కూడా మొదట బోల్టులతో బిగించే పళ్లెం ఉండేది, తరువాత జారుడు జాయింటు వచ్చింది. అందువల్ల వెనుక షాఫ్టును కొలిచి కొత్తగా చేయించాలి. 1961 వరకు వచ్చిన వి ఆకారపు ఎనిమిది సిలిండర్ల ఇంజన్లలో క్రాంకు వెనుక చివర పొడవుగా ఉంటుంది. వాటికి అల్యూమినియం పెట్టెను కలపాలంటే నడుమ అడాప్టరు పలక కావాలి. ఒక్క బోల్టు కొలత తప్పినా లోపలి పంపు పగులుతుంది. కొలతలు తీసుకోకుండా సామాను కొనడం ఈ పనిలో అందరూ చేసే మొదటి తప్పు.

మరొకటి ఉన్నది. చాలామంది దీనిని చిన్న విషయంగా తీసిపారేస్తారు. కార్బురేటరు నుంచి గేర్‌బాక్సుకు ఒక సన్నని కడ్డీ పోతుంది. యాక్సిలరేటరు ఎంత తొక్కారన్న సమాచారాన్ని అది లోపలికి చేరవేస్తుంది. బరువు ఎక్కువ లాగేటప్పుడు నూనె ఒత్తిడి పెరిగి క్లచ్ ప్లేట్లు గట్టిగా పట్టుకొనేది దానివల్లనే. ఆ కడ్డీ కలపకుండా, లేదా సరిగా బిగించకుండా నడిపితే ప్లేట్లు జారి, కాలి, కొద్ది రోజులలోనే కొత్త గేర్‌బాక్సు కూడా పాతదాని దారినే పోతుంది. బటన్లు నొక్కితే కారు కదిలినది కదా అని సంతోషపడి ఆ కడ్డీని మరిచినవారు వేల రూపాయలు కాదు, వేల డాలర్లే పోగొట్టుకుంటారు.

ఈ పాత గేర్‌బాక్సులలో మనవారికి ముచ్చట గొలిపే గుణం ఒకటి ఉన్నది. బ్యాటరీ పోయిన వాహనాన్ని నలుగురు నెట్టి స్టార్టు చేయడం మన పల్లెల్లో నిత్యం చూసేదే. ఆటోమాటిక్ కార్లలో అది కుదరదని అందరూ అంటారు. కాని 1965 వరకు వచ్చిన టార్క్‌ఫ్లైట్‌లలో ముందు పంపుతో పాటు వెనుక కూడా ఒక నూనె పంపు ఉండేది. చక్రాలు తిరిగితే అది నూనెను తోడేది. అందువల్ల వాటిని మరో కారుతో నెట్టించి స్టార్టు చేయవచ్చు. 1966లో ఖర్చు తగ్గించేందుకు ఆ పంపును తీసివేశారు. కొత్త పెట్టె బిగించుకున్న యజమాని ఈ సౌకర్యాన్ని కూడా వదులుకున్నట్టే.

అంత చక్కని బటన్లను కంపెనీ ఎందుకు మానివేసినట్టు? ఒక కారు దిగి మరొక కారు ఎక్కిన డ్రైవరు తికమక పడకుండా అన్ని కార్లలోను గేర్ల వరుస ఒకే తీరున ఉండాలన్న పట్టుదల అమెరికాలో 1960లలో పెరిగింది. ప్రభుత్వం తాను కొనే కార్లకు ఆ షరతు పెట్టనారంభించింది. కొనుగోలుదారులు కూడా రాడ్డుకే అలవాటు పడి ఉన్నారు. కేబుల్ బటన్లలో సాంకేతికంగా పెద్ద లోపమేమీ లేదన్నదే నిజం.

ఇప్పుడు యజమాని ఎదుట ఉన్న దారులు మూడు. పాతదానినే విప్పి బాగుచేయించుకోవడం మొదటిది. పోత ఇనుప పెట్టెకు సైతం సీళ్లు, ప్లేట్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఖర్చు కొంత ఎక్కువైనా కారు విలువ నిలిచేది ఈ దారిలోనే. వారానికొకసారి మాత్రమే తిరిగే కారుకు ఇంతకు మించి అవసరం లేదు. 1962–65 నాటి 727ను తెచ్చి బటన్లను నిలుపుకోవడం రెండవది. రోజూ దూరాలు తిరిగేవారికి ఇది మేలు. మూడవది నాలుగు గేర్ల ఆధునిక పెట్టెను బిగించి, బటన్ల పని విద్యుత్ మోటారుకు అప్పగించడం. ఇందులో ఇంధనం ఆదా అవుతుంది గాని, క్రైస్లర్ కావాలని తప్పించుకున్న ఎడ్సెల్ చిక్కులను కోరి తెచ్చుకున్నట్టవుతుంది. వైరు తెగితే గేరు ఎక్కడ ఆగుతుందో ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

ఏ దారి పట్టినా రోడ్డెక్కే ముందు చేయవలసిన పరీక్ష ఒక్కటే. చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, వెనుక చక్రాలు పైకి లేపి, ఒక్కొక్క బటన్ నొక్కుతూ చక్రం తిరిగే దిక్కు చూడాలి. న్యూట్రలులో తప్ప మరే బటనులోనూ ఇంజను స్టార్టు కాకూడదు. తరువాత కారును కిందికి దించి, స్వల్పమైన వాలు మీద, ముందు ఎవరూ లేనిచోట, హ్యాండ్ బ్రేకు ఒక్కటే వేసి బ్రేకు మీద నుంచి కాలు తీయాలి. కారు అంగుళం కదిలినా పని మిగిలి ఉన్నట్టే. విప్పిన పాత కేబుళ్లు, డ్రమ్ము, వాటి బోల్టులు పారవేయక ఒక గోనెసంచిలో కట్టి డిక్కీలో ఉంచుకునే యజమానులు కొందరున్నారు. తరువాత ఆ కారు కొన్నవారు దానిని మళ్లీ పూర్వరూపానికి తేదలచుకుంటే అవన్నీ చేతికి అందుతాయి.