కప్పులో కాపలా.. ఖర్చెవరిది?

కాలిఫోర్నియాలో కొత్త ఇల్లు కొన్న తెలుగువాళ్లకు గృహప్రవేశం నాడు ఒక బెంగ పట్టుకుంటుంది. హోమం పొగకు అలారం మోగుతుంది, సరే, దాన్ని ఎలాగోలా నోరు మూయిస్తారు. అసలు భయం కప్పులో అక్కడక్కడా కనిపించే తెల్లటి బిళ్లల గురించే. అవి స్ప్రింక్లర్లు. పొగ తగిలి అన్నీ ఒక్కసారే తెరుచుకుంటే పట్టుచీరలూ పంతులుగారూ తడిసి ముద్దవుతారేమోనని!

అలా జరగదు. స్ప్రింక్లరుకు పొగతో పనిలేదు, వేడితోనే పని. చాలా రకాల్లో బిళ్ల వెనక వేలెడంత కూడా లేని గాజు గొట్టం ఉంటుంది, అందులో ఎర్రటి ద్రవం. వేడి 68 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ద్రవం ఉబ్బి గాజు పగులుతుంది. అది అడ్డు తొలగగానే పైపులో కాచుకుని ఉన్న నీళ్లు దూకుతాయి. వేడి తగిలిన గొట్టమే పగులుతుంది, పక్క గదిలోది కదలదు మెదలదు. సినిమాల్లో ఎవరో అగ్గిపుల్ల గీస్తే అంతస్తంతా వాన కురవడం దర్శకుల ముచ్చట మాత్రమే. హోమగుండాన్ని సరిగ్గా బిళ్ల కింద పెట్టకుండా ఉంటే చాలు.

వాళ్లలోనే ఒకరు ఉద్యోగం మారి డాలస్ శివార్లలో కొత్త ఇల్లు కొంటే మామూలుగా కప్పులో ఆ బిళ్లలే ఉండవు. కాలిఫోర్నియాలో 2011 జనవరి 1 నుంచి కొత్త ఇళ్లన్నిటికీ స్ప్రింక్లర్లు తప్పనిసరి. టెక్సస్‌లో వ్యవహారం తిరగబడింది. ఒకటి రెండు కుటుంబాలుండే ఇళ్లకు వీటిని పెట్టి తీరాలని ఏ మున్సిపాలిటీ కొత్తగా రూలు తేకూడదని 2009లో రాష్ట్రమే చట్టం చేసింది.

తప్పనిసరి చేయాలా వద్దా అన్నదే తగవు. రెండు వైపులా పోగైన కాగితాల్లో చాలావరకు కరపత్రాలే. చదివించిన కాగితం ఒకటుంది. అది అరిజోనాలోని స్కాట్స్‌డేల్ అనే ఎడారి ఊరి పదిహేనేళ్ల చిట్టా.

ఫీనిక్స్ పక్కనుండే ఈ నగరం 1985 జూన్‌లో రూలు చేసి, 1986 జనవరి 1 నుంచి కొత్తగా కట్టే ఇళ్లన్నిటికీ స్ప్రింక్లర్లు ఉండాలంది. ఊరికి అప్పట్లో సొంత ఫైర్ సర్వీసు లేదు. రూరల్ మెట్రో అనే ప్రైవేటు కంపెనీకి డబ్బు కట్టి మంటలు ఆర్పించుకునేది. 2005 దాకా ఇదే పద్ధతి. ఊరు ఎడారిలోకి పెరుగుతున్నకొద్దీ కొత్త స్టేషన్లు, లావు పైపులు, మరింత మంది సిబ్బంది కావాలి. ఆ బిల్లు కట్టే బదులు, మంట పుట్టిన గదిలోనే ఆరిపోయే ఏర్పాటు ఎందుకు చేయకూడదన్నది నగరం ఆలోచన.

బిల్డర్లు ఊరికే ఒప్పుకుంటారా? ఇక్కడే స్కాట్స్‌డేల్ తెలివి కనిపిస్తుంది. నగరం బేరానికి కూర్చుంది. స్ప్రింక్లర్లు పెడితే కాలనీలో ఇళ్ల సంఖ్య 4 శాతం పెంచుకోవచ్చు. వీధి వెడల్పు 32 అడుగులకు బదులు 28 చాలు. ఒకవైపు మూసుకుపోయే వీధి పొడవు 600 అడుగులు దాటకూడదన్న నిబంధనను 2,000 అడుగులకు సడలించారు. మంటలార్పడానికి చూపాల్సిన నీటి సామర్థ్యాన్ని సగానికి తగ్గించారు. దాంతో భూమిలో వేసే పైపుల సైజు ఒక మెట్టు తగ్గింది. వీధిలో నాలుగు అడుగులు మిగిలితే బిల్డరుకు ఎంత మిగులుతుందో మన దగ్గర లేఅవుట్ వేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పదిహేనేళ్లకు ఆ ఊళ్లో 41,408 ఇళ్లకు, అంటే సగానికి పైగా ఇళ్లకు, స్ప్రింక్లర్లు వచ్చాయి. ఆ కాలంలో ఇళ్లలో 598 అగ్నిప్రమాదాలు జరిగాయి. వాటిలో 49 స్ప్రింక్లర్లున్న విడి ఇళ్లలో. స్ప్రింక్లర్లున్న ఇళ్లలో ఎవరూ చనిపోలేదు, లేని ఇళ్లలో 13 మంది పోయారు. స్ప్రింక్లర్లున్నచోట ఒక్కో ప్రమాదంలో సగటు నష్టం 2,166 డాలర్లు, లేనిచోట 45,019. పదింట తొమ్మిది ప్రమాదాల్లో ఒక్క స్ప్రింక్లరే మంటను అదుపు చేసింది.

ఈ అంకెల్ని ఊరూరా తిప్పింది స్ప్రింక్లర్ల పక్షమే కాబట్టి కాస్త గిల్లి చూడాలి. 49 అన్నది చిన్న లెక్క. స్ప్రింక్లర్లున్నవి దాదాపు అన్నీ కొత్త ఇళ్లు, లేనివి ఎక్కువగా పాతవి. నష్టంలో ఆ తేడా మొత్తాన్నీ గాజు గొట్టం ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది. ఇంకో 13 మందిని స్ప్రింక్లర్లు బతికించాయని కూడా చిట్టా అంటుంది. జరగని చావుల్ని లెక్కపెట్టడం అంచనాయే తప్ప గణితం కాదు.

నీళ్ల లెక్క మాత్రం గట్టిది. స్ప్రింక్లరు ఒక ప్రమాదానికి సగటున 341 గ్యాలన్లు వాడితే, ఫైరింజన్ గొట్టాలు 2,935 గ్యాలన్లు కుమ్మరించాయి. మన లెక్కలో చెప్పాలంటే మొదటిది ఇంటి మీది వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు కంటే కాస్త ఎక్కువ, రెండోది రెండు వాటర్ ట్యాంకర్లు. ఇల్లంతా తడిసిపోతుందని భయపడేవాళ్లు చూడాల్సింది ఈ వరుసనే.

చరిత్ర గబగబా చెప్పేస్తే ఇంతే: 1874లో హెన్రీ పార్మలీ తన పియానో ఫ్యాక్టరీ కోసం స్ప్రింక్లరు చేసుకున్నాడు, 1881లో ఫ్రెడరిక్ గ్రిన్నెల్ దాన్ని మెరుగుపరిచాడు, వందేళ్లు అది ఎక్కువగా మిల్లులకూ గోదాములకూ పరిమితమైంది, ఇళ్లకంటూ వేరే ప్రమాణం ‘13డి’ 1975లో వచ్చింది, 2008 సెప్టెంబరులో మినియాపొలిస్‌లో ఓటింగ్ పెట్టి అమెరికా ఇళ్ల నమూనా కోడ్‌లోనే తప్పనిసరి చేశారు. కోడ్‌లో ఉంటే సరిపోదు, రాష్ట్రం ఒప్పుకోవాలి. అసలు పోరు అక్కడే. కాలిఫోర్నియా, మేరీలాండ్ ఒప్పుకున్నాయి. పెన్సిల్వేనియా 2011 జనవరిలో అమల్లోకి తెచ్చి ఏప్రిల్‌లోనే రద్దు చేసింది. స్కాట్స్‌డేల్ ఉన్న అరిజోనా సైతం విడి ఇళ్లకు అలాంటి రూలు కొత్తగా ఏ ఊరూ పెట్టకుండా తలుపు మూసింది. పాత రూలు కాబట్టి స్కాట్స్‌డేల్‌ది బతికిపోయింది.

వద్దనేవాళ్లలో ముందున్నది ఇళ్లు కట్టేవాళ్ల జాతీయ సంఘం. స్మోక్ అలారాలు చాలు, కావాలనుకున్నవాళ్లు పెట్టించుకుంటారు, ఖర్చు తలకెత్తితే తొలి ఇల్లు కొనేవాళ్లు వెనక్కి పోతారు అన్నది వాళ్ల వాదన. ఖర్చెంత? ఫైర్ ప్రొటెక్షన్ రీసెర్చ్ ఫౌండేషన్ 2008 అధ్యయనంలో చదరపు అడుగుకు సగటున 1.61 డాలర్లు, 2013లో 1.35. అప్పటి లెక్కన రెండువేల చదరపు అడుగుల ఇంటికి 2,700 డాలర్లనుకోవచ్చు. మునిసిపల్ నీళ్లు లేక బోరు మీద ఆధారపడిన పల్లె ఇంటికి ట్యాంకు, పంపు అదనం. ఈ ఫిర్యాదు న్యాయమైనదే.

అలారం చాలన్న మాట అంత న్యాయంగా లేదు. అలారం లేపుతుంది, మోసుకెళ్లదు. పసిపిల్లలూ మంచం పట్టిన పెద్దలూ మోత విని ఏం చేస్తారు? పైగా టైము తగ్గిపోయింది. భద్రతా పరీక్షలు చేసే యూఎల్ ప్రయోగశాల రెండు గదుల్ని పక్కపక్కనే తగలబెట్టి చూసింది. దూది, చెక్క సామాన్లున్న పాతకాలపు గది మొత్తం అంటుకోవడానికి 29 నిమిషాలు దాటింది. ఫోమ్ సోఫా, సింథటిక్ కర్టెన్లున్న ఇప్పటి గదికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. 13డి స్ప్రింక్లర్ల లక్ష్యం ఇల్లు కాపాడటం కాదు, ఆ నాలుగు నిమిషాల్ని సాగదీసి మనుషుల్ని బయటపడనివ్వడం. అందుకే అటకలకూ గ్యారేజీలకూ మినహాయింపు ఇచ్చారు.

బాక్స్ 1: వేల్స్‌లో ఒకావిడ

అమెరికా రాష్ట్రాలు ఒప్పుకుంటూ కాదంటూ ఉండగానే ఒక దేశం మొత్తం దారికొచ్చింది. వేల్స్ అసెంబ్లీ సభ్యురాలు ఆన్ జోన్స్ ప్రతిపాదించిన బిల్లు 2011లో చట్టమైంది. 2016 జనవరి నుంచి అక్కడ కొత్త ఇళ్లన్నిటికీ స్ప్రింక్లర్లు ఉండాలి. అక్కడా బిల్డర్లు గోల పెట్టారు. చట్టం మాత్రం నిలిచింది.

బాక్స్ 2: మన దగ్గర

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఫైర్ ఎన్‌ఓసీ మాట 18 మీటర్లు దాటిన నివాస భవనాలకే వస్తుంది. రెండంతస్తుల డాబాను ఎవరూ అడగరు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో అగ్నిప్రమాదానికి 17 మంది, వాళ్లలో 8 మంది పిల్లలు, చనిపోయిన ఇల్లు అలాంటి ఎత్తైనదేం కాదు. కింద దుకాణాలు, పైన కాపురం, ఎక్కి దిగడానికి ఇరుకు మెట్లదారి. అయితే అది పాత ఇల్లు. కొత్త ఇళ్ల రూలు ఎంత కఠినంగా ఉన్నా దాని గడప తొక్కేది కాదు.

మనవి కాంక్రీటు ఇళ్లు, అమెరికాలోలా చెక్కవి కావు. కానీ లోపలి సోఫాలూ పరుపులూ అవే ఫోమువి. ఇక నీళ్లంటారా, ట్యాంకు మిద్దె మీదే ఉంది, ఒత్తిడే లేదు. స్ప్రింక్లరు పనిచేయాలంటే కనీసం ఐదు మీటర్ల ఎత్తునుంచి దిగే నీళ్లకుండేంత ఒత్తిడి కావాలి. మూడు మీటర్ల పైనున్న ట్యాంకు పై అంతస్తుకు అంత ఇవ్వలేదు. మెయిన్ స్విచ్ ఆపేసినా నడిచే పంపు ఉండాలి. విల్లా కట్టించుకునేవాళ్లు ఈ మాట బిల్డరుకు స్లాబు పడకముందే చెప్పాలి. ఆ తర్వాతైతే పైపుల్ని ఫాల్స్ సీలింగ్ వెనక దాచుకోవాలి, లేదా కప్పు కింద వేలాడనివ్వాలి.