చెరువు ఊరందరిది, తూము తాళం ఎవలది?

మొన్న సిద్దిపేట దిక్కు ఒక ఊర్ల లైబ్రరీ కాడ మీటింగ్ ఉంటే పోయిన. మీటింగ్ అయిపోయినంక డిగ్రీ పాసైన ఒక తమ్ముడు పక్కకు పిలిచి అడిగిండు: "అన్నా, ఓపెన్ సోర్స్‌ల పని చేస్తే కంపెనీలోళ్లే పిలిచి కొలువిస్తరంట, నిజమేనా? హైదరాబాద్‌ల 40 వేలు కడితే నేర్పిస్తమంటున్రు."

40 వేలంటే వాళ్లింట్ల ఇంచుమించు ఆరు క్వింటాళ్ల పత్తి పైసలు. "పైసలైతే కట్టకు తమ్మీ. నువ్వు విన్నది నిజమే, కాని సగం నిజం" అన్న. మిగిలిన సగం బస్సు కోసం నిలవడి చెప్పే ముచ్చట కాదు. గందుకే ఇక్కడ రాస్తున్న. ఆ తమ్ముని లెక్క అడిగేటోళ్లు ప్రతి ఊర్ల ఉన్నరు.

ఉత్తగ ఇచ్చి ఎట్ల సంపాయిస్తరు?

ఓపెన్ సోర్స్ అంటే సాఫ్ట్‌వేర్‌తోటి పాటు దాని కోడ్ గూడ అందరికీ ఇచ్చుడు. ఎవలైనా చదువొచ్చు, మార్చొచ్చు, పదిమందికి పంచొచ్చు. మీ చేతుల ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది లినక్సే. 1991ల ఫిన్లాండ్‌ల లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏండ్ల స్టూడెంట్ దాన్ని మొదలువెట్టిండు. ఇయ్యాల వేలమంది దాని మీద పని చేస్తున్నరు. అండ్ల మస్తుమంది కంపెనీల జీతం తీసుకునేటోళ్లే.

మరి ఉత్తగ ఇచ్చేదాని మీద కంపెనీ ఎట్ల బతుకుతది? తీరుతీరు దార్లున్నయి. అమెరికాల రెడ్ హ్యాట్ అనే కంపెనీ లినక్స్ మీద సర్వీసు అమ్మింది. కోడ్ ఉత్తదే, కాని అర్ధరాత్రి బ్యాంకు సర్వర్ ఆగిపోతే ఫోన్ ఎత్తేటోడు కావాలె గద! దానికే ఏడాదికింత అని పైసలు. ఆ కంపెనీని 2019ల ఐబీఎం 3,400 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. స్వీడన్‌ల పుట్టిన మైఎస్‌క్యూఎల్ కంపెనీది ఇంకో తీరు. "మా లైసెన్సు షరతులు పాటిస్తే ఉత్తగ వాడుకో, వాటికి కట్టుబడనంటే పైసలిచ్చి వేరే లైసెన్సు కొనుక్కో" అన్నది. 2008ల సన్ అనే కంపెనీ దాన్ని ఇంచుమించు 100 కోట్ల డాలర్లకు కొన్నది. ఇంకొందరు అసలు ఇల్లు తెరిచే ఉంచుతరు, రెండు మూడు అర్రలకు తాళం వేసి ఆ తాళంచెవులు అమ్ముతరు. ఇంకొందరు సాఫ్ట్‌వేర్‌ను తమ కంప్యూటర్ల మీదనే నడిపిపెట్టి నెలకింత కిరాయి తీసుకుంటరు.

తీరు ఏదైనా, వీళ్లందరికీ ఒక్కటే ఆస్తి: కంపెనీ బయట ఉండి వాడేటోళ్లు, తప్పులు పట్టేటోళ్లు, బాగు చేసేటోళ్లు. దాన్నే కమ్యూనిటీ అంటున్నరు.

కొలువు ఎట్ల దొరుకుతది?

మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీల నీ రెజ్యూమె చూస్తరు, కాలేజీ పేరు అడుగుతరు, గంటసేపు ఇంటర్వ్యూ చేస్తరు. ఆ గంటల మనిషి పనితనం ఎంత తెలుస్తది? ఓపెన్ సోర్స్‌ల అట్ల గాదు. నువ్వు రాసిన ప్రతి ప్యాచ్, నువ్వు పట్టిన ప్రతి బగ్, కొత్తగ వచ్చినోనికి నువ్వు ఇచ్చిన జవాబు, ఎవలో కోపానికొస్తే నువ్వు ఎట్ల మాట్లాడినవో, అన్నీ తేదీలతోటి సహా అందరి ముందటనే ఉంటయి. రెండేండ్లు పని చేసినోన్ని కంపెనీ కొత్తగ పరీక్ష పెట్టి చూసేది ఏముంటది? కొలువుల చేరినంక మూడు నెలలు నేర్పించే ఖర్చు గూడ మిగులుతది. గందుకే ఈ కంపెనీలు ముందుగాల తమ కమ్యూనిటీలనే చూస్తయి.

ఒక ముచ్చట చెప్త. రెడ్ హ్యాట్ పైసలకు ఇచ్చే లినక్స్‌ను, దాని కోడ్ తీసుకొని కొందరు వాలంటీర్లు సెంట్‌ఓఎస్ పేరుతోటి ఉత్తగ ఇచ్చేటోళ్లు. కంపెనీ వీళ్లతోటి కొట్లాడలే. 2014 జనవరిల ఆ ప్రాజెక్టునే తన గొడుగు కిందికి తెచ్చుకున్నది, దాన్ని నడిపే ముఖ్యమైనోళ్లల్ల కొందరికి కొలువులిచ్చింది. ఏండ్లకేండ్లు ఉత్తగ చేసిన పనికే జీతం మొదలైంది.

కోడ్ రాసేటోళ్లకే కొలువులు అనుకోకుండ్రి. వాడే తీరు చెప్పే పుస్తకం రాసేటోడు కావాలె, టెస్టింగ్ చేసేటోడు కావాలె, తర్జుమా చేసేటోడు కావాలె, కస్టమర్లకు జవాబు చెప్పేటోడు కావాలె. ఊరి నుంచి వచ్చినోళ్లకు ఇది ఒక దర్వాజ. నీ కాలేజీ ఏది, నీ ఇంగ్లిష్ ఎంత నున్నగ ఉన్నది అనేది ఇక్కడ తర్వాతి లెక్క.

కాని జీతం కాడికి వచ్చేసరికి నువ్వు ఎక్కడ ఉంటవనేది మళ్ల లెక్కలకొస్తది. గిట్‌ల్యాబ్ కంపెనీ తన పద్ధతులన్నీ అందరికీ కనవడేటట్టు రాసిపెట్టుకున్నది. అది మెచ్చుకోవాల్సిన పనే. ఆ రాతలనే ఉన్నది, ఒక్కటే పనికి జీతం లెక్క కట్టేటప్పుడు మనిషి ఉండే తావును గూడ చూస్తమని. ఇంకో సంగతి, చిన్న కంపెనీలకు ఇండియాల ఆఫీసు ఉండదు. "కాంట్రాక్టర్" అని రాసుకొని తీసుకుంటరు. పీఎఫ్ ఉండదు, జీతమిచ్చే సెలవు ఉండదు, వద్దనుకుంటే ఒక్క మెయిల్‌తోటి ముచ్చట ముగిస్తరు. డాలర్లని చూసి ఉరికే ముందు ఈ కాగితం చదువాలె.

నీరటి ఎవలి మనిషి?

ఇగ ఈ కంపెనీలల్ల ఒక కొలువు ఉంటది, కమ్యూనిటీ మేనేజర్ అని. దాన్ని సమజ్ చేసుకుంటే మొత్తం కథ సమజ్ అయితది.

మన ఊర్లల్ల చెరువుకు నీరటి ఉండేటోడు. తూము ఎప్పుడు లేపాలె, ఎవల మడికి ఎంతసేపు నీళ్లు పారాలె, మత్తడి దుంకుతుంటే ఎవలికి చెప్పాలె, అన్నీ ఆయనే చూసేటోడు. ఆయనకు ఊరే గింజలు కొలిచేది. గందుకే ఆయన ఊరి మనిషి.

కమ్యూనిటీ మేనేజర్ గూడ అసొంటోడే. కొత్తగ వచ్చినోన్ని పలకరిస్తడు. వారం రోజులుగ జవాబు లేక పడి ఉన్న ప్యాచ్‌ను చూసి ఇంజినీర్ తానకు పోయి "జర దీన్ని చూడు" అంటడు. బూతులు తిట్టినోన్ని ఆపుతడు, మర్యాద తప్పినోన్ని బయటికి పంపుతడు. మీటింగులు పెడ్తడు. కంపెనీ ఏం చేయబోతుందో జనానికి చెప్తడు, జనం ఏమంటున్నరో కంపెనీకి చెప్తడు. మంచి మేనేజర్ ఉన్న కాడ కొత్తోళ్లు నిలవడ్తరు. లేని కాడ ఒక్క దినమే కనవడి పోతరు.

తేడా ఎక్కడ్నంటే, ఈ నీరటికి గింజలు కొలిచేది ఊరు గాదు, కంపెనీ. ఊరు ఒకటి కోరి, కంపెనీ ఇంకొకటి కోరిన దినం ఆయన ఎటు నిలవడాలె? మనిషి మంచోడా చెడ్డోడా అన్నది గాదు ఇక్కడ సవాలు. ఎంత మంచోడైనా, తూము తాళం కంపెనీ జేబుల ఉంటే ఆయన చేతుల ఏముంటది?

తాళం పడ్డ దినం

సెంట్‌ఓఎస్ సంగతే చూడుండ్రి. 2029 దాక అప్‌డేట్లు వస్తయని నమ్మి సెంట్‌ఓఎస్ 8ని జనం సర్వర్లల్ల ఎక్కించుకున్నరు. 2020 డిసెంబర్ల ప్రకటన వచ్చింది: 2021 ఆఖరుకే బంద్. కొలువులు దొరికినోళ్లు దొరికిన్రు, కాని ప్రాజెక్టు నడిపే పగ్గం అప్పటికే చేయి మారింది. నమ్ముకున్నోళ్లు లబలబలాడిన్రు. ఆఖరుకు రాకీ లినక్స్, ఆల్మా లినక్స్ అని వేరే పొయ్యి పెట్టుకున్నరు.

ఇంకోటి హాషికార్ప్. దాని టెర్రాఫామ్ అనే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్‌గ పెరిగింది. బయటోళ్లు మస్తుమంది దానికి పని చేసిన్రు. 2023 ఆగస్టుల కంపెనీ లైసెన్సు మార్చింది. ఇగ మీదట కోడ్ చూడొచ్చు, మామూలుగ వాడుకోవచ్చు, కాని మాకు పోటీగ వ్యాపారం చేయొద్దన్నది. ఆ తర్వాత ఐబీఎం ఆ కంపెనీని 640 కోట్ల డాలర్లకు కొన్నది. కంపెనీ తరఫు మాట గూడ ఒకటుంది: "కోడ్ మేం రాస్తం, పెద్ద కంపెనీలు దాన్ని ఎత్తుకపోయి అమ్ముకుంటయి, మేమెట్ల బతకాలె?" ఆ మాటల నిజం లేదని నేననను. కాని బయట నుంచి పని చేసినోళ్లు ఆ షరతు మీద రాలే గద!

ఇన్ని చేతులు పడ్డ కోడ్‌కు లైసెన్సు ఒక్క కంపెనీ ఎట్ల మార్చింది? ఇదే మన పిల్లలకు ఎవలూ చెప్పని ముచ్చట. చాలా కంపెనీల ప్రాజెక్టులల్ల మొదటి ప్యాచ్ పంపంగనే ఒక కాగితం ముందట పెడ్తరు, కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్ అని. ఒక్క బటన్ నొక్కితే సంతకం అయిపోయినట్టే. దాంట్ల చాలాసార్లు ఉండేది ఇదే: నువ్వు రాసిన కోడ్‌ను కంపెనీ తనకు నచ్చిన లైసెన్సు కింద ఇచ్చుకోవచ్చు. హాషికార్ప్‌ల గూడ అసొంటి అగ్రిమెంట్ ఉండె.

లినక్స్‌ల అసొంటి కాగితం లేదు. "ఈ కోడ్ పంపే హక్కు నాకున్నది" అని పేరు రాస్తే సాలు. ఎవలు రాసిన ముక్క మీద హక్కు వాళ్లదే. వేలమంది వాటాదార్లున్న భూమిని ఒక్కడు అమ్మలేనట్టు, లినక్స్ లైసెన్సును టోర్వాల్డ్స్ గూడ ఒక్కడే మార్చలేడు.

అయితే ఊరు మొత్తానికి చేతగానిది గాదు. పాత కోడ్ పాత లైసెన్సు కిందనే ఉంటది, దాన్ని తీసుకొని వేరుపడొచ్చు. దీన్నే ఫోర్క్ అంటరు. టెర్రాఫామ్ నుంచి ఓపెన్‌టోఫు పుట్టి లినక్స్ ఫౌండేషన్ కిందికి పోయింది. ఒరాకిల్ చేతికి మైఎస్‌క్యూఎల్ పోతదని తెలిసినంక, దాన్ని మొదట రాసినోళ్లల్ల ఒకడైన మాంటీ విడెనియస్ మరియాడీబీ తెచ్చిండు. కమ్యూనిటీ గట్టిగ ఉన్న కాడనే ఈ పని అయితది. నలుగురే ఉన్న కాడ వేరుపడి ఏం నడుపుతరు?

ఉత్తగ ఎవలు పని చేయగలుగుతరు?

నన్ను మస్తు తొలిచే సవాలు ఇది. "రెండేండ్లు ఉత్తగ పని చేసి చూపియ్యి, అప్పుడు కొలువు" అంటే ఎవలికి వీలైతది? ఇంట్ల పైసలున్నోనికి, సొంత ల్యాప్‌టాప్ ఉన్నోనికి. పొద్దున కూలికి పోయి, రాత్రి ఫోన్ల సగం డేటాతోటి చదువుకునే చెల్లెకు ఎట్లయితది? పనితనమే చూస్తమనే మాట మంచిదే. కాని ఆ పనితనం చూపెట్టే టైము గూడ అందరికీ సమానంగ లేదు. గందుకే పైసలిచ్చి నేర్పించే దార్లు ముందు చూడుండ్రి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తున్నది. 18 ఏండ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తోళ్లయితే స్టూడెంట్ గాకున్నా పెట్టుకోవచ్చు. ఔట్‌రీచీ అని ఇంకోటి, వివక్ష ఎదుర్కొన్నోళ్ల కోసమే పెట్టింది. ఇంటి కాడ ఉండే చేయొచ్చు, మూడు నెలలకు 7,000 డాలర్లు ఇస్తరు. ఈ రెండింటికీ అప్లికేషన్ ఫీజు లేదు.

మన దిక్కు తప్పు గూడ ఒకటుంది. డిజిటల్‌ఓషన్ అనే కంపెనీ ఏటా అక్టోబర్ల హాక్టోబర్‌ఫెస్ట్ అని పెట్టి, నాలుగు ప్యాచ్‌లు పంపితే టీషర్టు ఇచ్చేది. 2020ల టీషర్టు కోసం జనం ఎగవడ్డరు. ఫైల్ల ఒక్క మాట కలిపి పంపుడు, చుక్క పెట్టి పంపుడు. మన దేశపు స్టూడెంట్లు గూడ అండ్ల మస్తుమంది. ఉత్తగ పనిచేసే మెయింటెయినర్ల నెత్తి మీద చెత్త కుప్ప పోసినట్టయింది. ఆఖరుకు, ఇష్టపడి ఒప్పుకున్న ప్రాజెక్టులల్ల చేసిందే లెక్క అని రూల్ మార్చిన్రు. పేరు కోసం చేసే పని పేరును ఖరాబ్ చేస్తది. ఈ రాతలు ఏండ్లకేండ్లు అట్లనే ఉంటయి, రేపు కొలువిచ్చేటోడు చూసేది గూడ వాటినే.

మరి ఏం చేయాలె?

ఒక్క ప్రాజెక్టు పట్టుండ్రి, నువ్వు దినాం వాడేది. చేరే ముందు నాలుగు సంగతులు చూడుండ్రి. లైసెన్సు ఏంది? అగ్రిమెంట్ ఉంటే దాంట్ల కంపెనీకి ఏం రాసిస్తున్నవు? నిర్ణయం ఎవలది, కంపెనీ ఒక్కదానిదా, పదిమంది కూసున్న ఫౌండేషన్‌దా? కొత్తోడు అడిగిన సవాలుకు అక్కడ ఎట్ల జవాబిస్తున్నరు? ఈ ఆఖరుది ఒక గంట కూసోని పాత ముచ్చట్లు చదివితే తెలిసిపోతది.

అగ్రిమెంట్ ఉన్న కాడ పని చేయొద్దని నేనంటలే. తెలిసి చేయమంటున్న. కొలువు కోసం చేస్తే కొలువు కోసమే చేస్తున్ననని ఎరుక ఉండాలె.

ఇంగ్లిష్‌కు బుగులు వడితే తెలుగుతోటి షురూ చేయుండ్రి. మన తెలుగు రాష్ట్రాలల్ల స్వేచ్ఛ అనే సంస్థ ఏండ్లుగ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం, కంప్యూటర్ల తెలుగు కోసం పని చేస్తున్నది. తర్జుమా చేసుకుంటనే సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో తెలుస్తది, పదిమందితోటి కలిసి పనిచేసుడు అలవాటైతది.

ఆ తమ్ముడు నిన్న ఫోన్ చేసిండు. పైసలు కట్టలేదంట. ఒక ప్రాజెక్టుల తెలుగు మాటలు తప్పున్నయని చూసి దిద్ది పంపబోతే, అగ్రిమెంట్ ముందటికి వచ్చిందంట. "చదువుతున్న అన్నా, రెండో పేజీ సమజైతలేదు" అన్నడు. ఐతారం ఇద్దరం కూసోని చదువుదమని చెప్పిన.