నాలుగో తరగతికి మూడు వారాల ‘కొబ్బరికాయ’



వచ్చే నెల నాలుగో తరగతి పిల్లల డైరీలో ‘థీమ్: కొబ్బరికాయ’ అని చూస్తారు. మూడు వారాల పాటు రోజుకు రెండు పీరియడ్లు దీనికే కేటాయించాం. పలివెలలో పెరిగే పిల్లలకు కొబ్బరికాయ గురించి స్కూల్లో చెప్పాలా, సిలబస్ వెనకబడదా అని మీకు అనిపించడం సహజం. అందుకే ఈ ప్లాన్ ఎలా తయారవుతుందో ముందుగానే చెబుతున్నాం.

ఒకే విషయం చుట్టూ లెక్కలు, సైన్స్, సోషల్, భాషలు కలిపి నేర్పడమే థీమ్. ఇది కొత్త ఫ్యాషన్ కాదు. 1937లో వార్ధా సదస్సులో గాంధీజీ ముందుంచిన నయీ తాలీమ్‌లో ఒక చేతిపని చుట్టూ మిగతా చదువంతా అల్లాలన్న ఆలోచన ఉంది. 2023 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక కూడా 3 నుంచి 5 తరగతులకు సైన్స్, సోషల్ విడదీయకుండా ‘మన చుట్టూ ఉన్న ప్రపంచం’ అనే ఒకే సబ్జెక్టుగా పెట్టింది.

ముందు సిలబస్, తర్వాతే థీమ్

మేము మొదట ముందు వేసుకునేది ఆ టర్మ్‌లో నేర్పాల్సిన అంశాల పట్టిక. వేలల్లో సంఖ్యలు, భాగహారం, విత్తనాలు, వృత్తులు, ఒక పని జరిగే తీరును వరుసగా ఇంగ్లిష్‌లో చెప్పడం, తెలుగులో ప్రశ్నలు తయారు చేయడం. వీటిలో ఎక్కువ అంశాలు సహజంగా ఇమిడే విషయం కోసం వెతికితే కొబ్బరి దొరికింది. తర్వాత పిల్లలు మూడు వారాలూ వెంటాడే ఒక ప్రశ్న పెట్టుకున్నాం: “చెట్టు మీది కాయ మన చేతికి వచ్చేలోపు దానికి ఏమవుతుంది?”

లెక్కల్లో: అంబాజీపేట మార్కెట్‌లో ధర వెయ్యి కాయలకు చెబుతారు. వెయ్యికి రూ.9,000 అనుకుంటే ఒక కాయ 9 రూపాయలు. అందులోంచి దింపు కూలి, వలుపు కూలి పోతే రైతుకు మిగిలేదెంత? అదే కాయ పట్నంలో 25 రూపాయలైతే మధ్యలో పెరిగిన 16 రూపాయలు దేనికి? ఇక్కడ భాగహారం, తీసివేత పిల్లలకు నిజమైన అవసరంగా కనిపిస్తాయి.

సైన్స్‌లో: కాయకు మూడు కళ్లున్నా మొలక ఒక్క మెత్తటి కన్ను నుంచే వస్తుంది. పీచుతో ఉన్న కాయను, వలిచిన కాయను నీళ్లలో వేస్తే ఏది ఎలా తేలుతుందో ముందు ఊహించి రాసి, తర్వాత చూస్తారు. సముద్రం మీద కాయ అంతంత దూరాలు ఎలా ప్రయాణిస్తుందో అక్కడి నుంచి అర్థమవుతుంది.

తెలుగు, సోషల్‌లో: 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి ఇంట్లో తాతయ్యనో మామ్మనో అడిగి రాసుకొస్తారు. పొడుగు రకం కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఒక్క రాత్రి నష్టం ఎన్నేళ్ల నష్టమో పిల్లలే లెక్కేస్తారు.

ఇంగ్లిష్‌లో: దింపు నుంచి కొబ్బరి నూనె వరకు జరిగే పనులను వరుసగా, సొంత వాక్యాల్లో చెబుతారు. తెలిసిన విషయం కాబట్టి పిల్లల దృష్టంతా భాష మీదే ఉంటుంది. తెలియని విషయాన్ని తెలియని భాషలో చెప్పమంటేనే బట్టీ మొదలవుతుంది.

కలపనివి కూడా ఉన్నాయి

ఎక్కాలు, స్పెల్లింగ్, చేతిరాత, రోజువారీ రీడింగ్ ఎప్పటి పీరియడ్లలోనే సాగుతాయి. కొబ్బరికాయ బొమ్మలో లెక్క రాసినంత మాత్రాన అది థీమ్ అయిపోదు. బలవంతంగా కలిపితే ఏ సబ్జెక్టూ సరిగా అందదు. మూడో వారం చివర్లో ప్రతి పిల్లనూ, పిల్లాడినీ విడిగా కూర్చోబెట్టి సబ్జెక్టు వారీగా ప్రశ్నలు అడుగుతాం. ఎవరికి ఏ అంశం రాలేదో అక్కడ తేలుతుంది. దాన్ని మళ్లీ నేర్పుతాం.

‘ఈ తోటల పనుల నుంచి బయటపడాలనే కదా ఇంగ్లిష్ మీడియంలో వేశాం’ అనుకునేవారూ మీలో ఉండొచ్చు. ఆ కోరికను మేము గౌరవిస్తాం. మీ పాప రేపు ఇంజనీరైనా, డాక్టరైనా ఎదురుగా ఉన్నదాన్ని గమనించడం, కొలవడం, అడగడం, తేటగా చెప్పడం కావాలి. అవి చేతికి అందేదానితో మొదలైతే తేలిగ్గా వస్తాయి. పైగా తమ అన్నం వెనక ఎంత లెక్క, ఎంత నేర్పు ఉందో తెలిసిన పిల్లలు చెట్టెక్కే మనిషిని చిన్నచూపు చూడరు.

మీరు చేయాల్సింది

దయచేసి చార్టులు, మోడళ్లు కొనకండి, మీరే చేసి పంపకండి. అవన్నీ క్లాసులో పిల్లలే చేస్తారు. తుపాను సంగతులు అడిగినప్పుడు పది నిమిషాలు కూర్చుని చెప్పండి. మట్ట, డొక్క, ఈనె, కురిడీ లాంటి ఇంటి మాటలు తెలుగులోనే చెప్పండి, ఇంగ్లిష్ మేము చూసుకుంటాం. దింపు చూపించాలనుకుంటే చెట్టుకు దూరంగా, మీ పక్కనే నిలబెట్టుకుని చూపించండి.

సాయంత్రం ‘ఇవాళ ఏం రాశావు?’ అనే బదులు ‘ఇవాళ ఏం కనిపెట్టావు?’ అని అడిగి చూడండి. సమాధానం రాకపోతే క్లాస్ టీచర్‌కు డైరీలో ఒక మాట రాయండి. ఆ పిల్లతో మళ్లీ కూర్చునే బాధ్యత మాది.