మీకు తెలుసా? చర్చి నిధుల్లో మన శిల్పుల చేతిపని

పాత గోవాలోని శాంతా మోనికా కాన్వెంట్‌లో క్రైస్తవ కళల మ్యూజియం ఉంది. 1994లో రాచోల్ సెమినరీలో మొదలై, 2002లో ఇక్కడికి మారింది. ఇందులోని దంతపు ప్రతిమలు, వెండి పాత్రలు, చెక్క శిల్పాలు పూర్తిగా పోర్చుగీసు కళేనని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మతం పడమటి నుంచి వచ్చినా పనితనం చాలావరకు ఇక్కడిదే. గోవా దంతపు పనిలో పేరుపొందిన, కాపరి రూపంలోని బాల యేసునే చూడండి. కొండ మీద కాలుపై కాలు వేసుకుని, చెంపకు చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఉంటాడు. ఆ ప్రశాంతతలో ధ్యానంలోని బుద్ధుడి పోలిక కనిపిస్తుందని కళా చరిత్రకారులు అంటారు. హిందూ శిల్పులతో క్రైస్తవ ప్రతిమలు చేయించకూడదని 1567లో గోవా క్రైస్తవ మతసభ కట్టడి చేసింది. అప్పటికే ఆ పని సాగుతోందనడానికి ఆ నిషేధమే సాక్ష్యం.

గుళ్లు కూల్చి, 1560లో మతవిచారణ న్యాయస్థానం పెట్టిన పోర్చుగీసు పాలన నాటి వస్తువులను మెచ్చుకోవడమేమిటని కొందరు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే, ఆ బలవంతపు చరిత్రను దాచకూడదు కూడా. కానీ ఈ కళను పరాయిదని తోసేస్తే నష్టపోయేది పాలకులు కాదు, పేరైనా మిగలని మన శిల్పులు. పూజా వస్తువులు మ్యూజియంలో కాక చర్చిలోనే ఉండాలన్న వాదనకూ బలముంది. అయితే తేమకు, పురుగుకు, దొంగలకు చిక్కకుండా కాపాడితేనే వాటిలోని భక్తీ, నైపుణ్యమూ ముందు తరాలకు అందుతాయి.