ప్రత్తిగింజలోని కుడిపురి, ఎడమపురి



ఎమ్మిగనూరు నేతగాండ్రకు నూలుపురి సంగతి చెప్పనక్కఱలేదు. ఒకే ప్రత్తినుండి ఒక దారమును కుడికిని, మఱియొకదానిని ఎడమకును పురిపెట్టినచో తూనికలో భేదముండదు. అయినను కుడిపురి దారమును తలక్రిందులు చేసినను ఎడమపురి కానేరదు. అద్దమున చూచినపుడు మాత్రమే ఒకటి రెండవదానివలె కానవచ్చును. పదార్థముల అణువులలోను ఇట్టి భేదము కలదు. దీనిని రసాయనశాస్త్రజ్ఞులు కైరాలిటీ యందురు. గ్రీకుభాషలో చేయి యను అర్థముగల మాటనుండి యీ పేరు పుట్టినది.

చింతపండు పులుపునకు ముఖ్యకారణము టార్టారికామ్లము. 1848లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు ఆ యామ్లమునకు సంబంధించిన యొక లవణపు స్ఫటికములను సూక్ష్మదర్శినితో పరీక్షించి, కుడివాటు వానిని, ఎడమవాటు వానిని వేఱుచేసెను. నీట కరగించి ఒకే తలమున కంపించు కాంతిని పంపగా, ఒకటి కాంతిని కుడికిని, రెండవది ఎడమకును మరలించెను.

ఇక మన యింటిసంగతి. ఆదోని మార్కెట్టునకు వచ్చు ప్రత్తిగింజలో గాసిపాల్ అను పసుపుపచ్చని పదార్థము కలదు. అది మొక్కను పురుగులనుండి కాపాడును. దాని అణువున కర్బనపు పరమాణువులు 30, ఉదజనివి 30, ఆమ్లజనివి 8. రెండు సమభాగములు నడుమ ఒకే బంధముతో కూడియున్నవి. ప్రక్కనున్న పరమాణువుల గుంపులు అడ్డుపడుటచే ఆ భాగములు బంధముచుట్టును తిరుగజాలవు. కావున కొన్ని అణువులు కుడికిని, కొన్ని ఎడమకును మెలిపడి నిలిచియుండును. గింజలో రెండును కలవు.

తూనికకు సమానములైనను ఇవి దేహమునకు సమానములు కావు. దేహములోని మాంసకృత్తులకును కుడియెడమలు కలవు. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్లు, ఒక రూపము పట్టినచోట రెండవది పట్టదు. మగజంతువుల సంతానశక్తిని చెఱచునది ముఖ్యముగా ఎడమరూపమే. 1970 తరువాత చైనాలో గాసిపాలును పురుషుల సంతాననిరోధమునకై పరీక్షించిరి. కొందఱికి రక్తమున పొటాసియము తగ్గుటచేతను, మఱికొందఱికి సంతానశక్తి తిరిగి రాకుండుటచేతను పిదప విడిచిరి.

నూనెమిల్లులో ఈ రెండు రూపములను వేఱుచేయు ఉపాయము లేదు. పెద్దపశువుల నెమరువేయు పొట్టలో గాసిపాల్ చాలవఱకు మాంసకృత్తులతో బంధింపబడి నిర్వీర్యమగును. పాలు విడువని దూడలకు ఆ పొట్ట యింకను ఎదిగియుండదు. కావున ఎద్దునకు బలమిచ్చిన ప్రత్తిచెక్క దూడకును మేలే యని తలపరాదు. కోళ్లకును పెట్టరాదు. ఆబోతులకు, పాడిపశువులకు మితముగా, ఇతరమైన మేతతో కలిపి పెట్టవలెను. శుద్ధిచేయని ప్రత్తినూనెను వంటకు వాడరాదు. శుద్ధిచేయునపుడు క్షారముచే గాసిపాల్ తొలగిపోవును.